అక్కగా విన్న మాటలు థీసిస్‌లో రాయవచ్చా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది ఉదయగిరి ప్రాంతం. నా వయసు 33. కాకుటూరు యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివాక 8 ఏళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. అమ్మానాన్నలు బేల్దారి పనులకో, ఇటుక బట్టీలకో బెంగళూరు, చెన్నై వైపు వెళ్లిపోతే ఊళ్లో అవ్వల దగ్గర పెరిగే పిల్లలతో నా పని. వారి మీదే పీహెచ్‌డీ చేయాలని, ఆ తర్వాత పాఠాలు చెప్పాలని కోరిక. నెల్లూరులో ఒక ప్రైవేటు కళాశాలవారు వారానికి 2 రోజులు వచ్చి ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులకు చెప్పమంటున్నారు. ఉద్యోగం మానేసి చదువులో పడాలా? మా ఆయన అడ్డు చెప్పరు. మా అత్తగారు మాత్రం "ఊళ్లో పిల్లలందరి సంగతీ నీకు కావాలి, నీ కొడుకును మాత్రం నేను చూసుకోవాలి" అంటారు. బాబుకు 6 ఏళ్లు. ఇంకొక్కటి. ఈ 8 ఏళ్లలో ఆ ఇళ్లవాళ్లు నాతో చెప్పుకొన్నవన్నీ 14 నోటుపుస్తకాల్లో రాసి పెట్టుకున్నాను. సమాచారమంతా చేతిలో ఉన్నట్టే కదా అంటున్నారు స్నేహితులు. కానీ రాయబోతే ఎందుకో చెయ్యి ఆడటం లేదు.

- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న "ఇంకొక్కటి" అన్న మాట తర్వాత ఉంది. నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు అంతే. అందుకని చివరి నుంచే మొదలుపెడతాను. ఉద్యోగం, నెట్ (అధ్యాపకులకు జాతీయ అర్హత పరీక్ష), అత్తగారు ఆ తర్వాత.

ఆ 14 నోటుపుస్తకాలు మీ పరిశోధనకు సమాచారం కావు. ఎవరు ఎంత చెప్పినా కావు. కోడలు ఫోను చేయడం మానేసిందని ఒక అవ్వ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది మీతో. బడి ఎగ్గొట్టి మెకానిక్ షెడ్డుకు పోతున్నానని పదో తరగతి కుర్రవాడు ఒప్పుకొన్నది మీ దగ్గర. రేపు థీసిస్ దిద్దే పరీక్షాధికారితో కాదు. హాస్టల్లో సీటో, ఆధార్‌లో పుట్టిన తేదీ సవరణో, ఆగిపోయిన పింఛనో, ఏదో ఒక పని మీ వల్ల అవుతుందన్న ఆశ కూడా ఆ మాటల వెనుక ఉంటుంది. సాయం కోసం విప్పిన మూటను మనం పట్టా కోసం ఎత్తుకెళ్లకూడదు. మీ చెయ్యి ఆడకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఆ చేతి మాట వినండి.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న నీతి కాదు. నేను కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో ఒక వ్యాసం రాశాను. తాగే తండ్రి ఉన్న ఇళ్లలో ఆడపిల్లల చదువు గురించి. ఊరి పేరు మార్చాను, మనుషుల పేర్లు మార్చాను, అంతా జాగ్రత్తగా చేశానని మురిసిపోయాను. అందులో ఒకచోట "ముగ్గురు కూతుళ్లున్న, ఒంటి చేత్తో కుట్టుమిషన్ నడిపే తల్లి" అని రాశాను. మెట్ట ప్రాంతంలో నాలుగైదు వందల గడపల ఊరు. ఒంటి చేత్తో మిషన్ కుట్టే మనిషి ఆ ఊళ్లో ఎందరుంటారు? ఆ ఊరి నుంచి మా కళాశాలకు వచ్చే కుర్రవాడు గ్రంథాలయంలో దాన్ని చదివాడు. చదివి ఊళ్లో చెప్పాడు. పెద్దమ్మాయికి సంబంధం కుదిరే సమయం అది. మగపెళ్లివారు వెనక్కి పోలేదు గానీ, ఆ తల్లి మాత్రం మళ్లీ నాతో మాట్లాడలేదు. బస్టాండులో ఎదురుపడితే తల తిప్పుకుంది. తప్పు ఆ కుర్రవాడిది కాదు, నాది. నా వ్యాసం అందంగా కనబడాలని ఆ కుట్టుమిషన్‌ను అందులో ఉంచాను. వాదనకు దానితో ఏ అవసరమూ లేదు.

పేరు మారిస్తే మనిషి దాగడు. ఊళ్లో మనుషులను గుర్తుపట్టేది పేర్లతోనా? వృత్తితో, నడకతో, పిల్లల లెక్కతో, ఎప్పుడో జరిగిన గొడవతో గుర్తుపడతారు. కాబట్టి వాదనకు అక్కర్లేని వివరం ఎంత బాగున్నా కొట్టేయండి. అక్కరైన వివరాన్ని ఇంకో వివరంతో మార్చండి. మార్చినట్టు థీసిస్‌లోనే చెప్పండి. అచ్చుకు ఇచ్చే ముందు "ఈ పేజీ ఆ ఊరి టీ కొట్టులో ఎవరైనా పైకి చదివితే ఏమవుతుంది?" అని మిమ్మల్ని మీరు ఒక్కసారి అడగండి. నేను ఇప్పటికీ వాడే కొలబద్ద అది.

అయితే సేవ చేసినవాళ్లు రాయనే కూడదని కాదు. మన నెల్లూరు జిల్లాలోనే వెన్నెలకంటి రాఘవయ్యగారు ఉన్నారు. యానాదుల మధ్య దశాబ్దాలు పని చేసిన మనిషి. పుట్టుకతోనే కొన్ని కులాలను, తెగలను నేరస్థులుగా ముద్ర వేసిన చట్టం మీద పోరాడారు. యానాదుల జీవితంపై ఆయన ఆంగ్ల గ్రంథం 1962లో వచ్చింది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. పని ముందు, పుస్తకం తర్వాత. ఆయన రాసింది ఆ ఇళ్ల గుట్టు కాదు, ఆ జనం బతుకు.

అదే చట్టానికి ఇంకో ముఖం కూడా మన దగ్గరే ఉంది. ఆ ముద్ర పడ్డవాళ్లను కాపలాలో ఉంచిన సెటిల్‌మెంట్లు, కావలి దగ్గర కప్పరాళ్లతిప్ప లాంటివి, తెలుసు కదా. ఆ చట్టం కింద ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరు లేరు, ఎక్కడికి పోయారు అని హాజరు పట్టీలు రాసేవారు. కుటుంబాల గురించి సమాచారం సేకరించడమే అది కూడా! ఒక ఇంటి లోపలి సంగతి రాసి పెట్టుకోవడం అంటే ఆ ఇంటి మీద కాస్త అధికారం సంపాదించడమే. 14 నోటుపుస్తకాలంటే తక్కువ అధికారం కాదు. వాటిని తాళం వేసి పెట్టండి. సంస్థ పని మీద రాసినవి కనుక అవి మీ సొంతమూ కావు, ఈ సంగతి సంస్థవారితో తేల్చుకోండి.

మరి ఆ పుస్తకాలు వృథాయేనా అంటారేమో. కావు. వాటిలో జవాబులు తీసుకోకండి, ప్రశ్నలు తీసుకోండి. మీకే ఆశ్చర్యం కలిగించిన చోట్లు వెతకండి. తర్వాత మీరు పని చేయని మండలానికి వెళ్లండి. అక్కడ మీరు ఎవరికీ పింఛను ఇప్పించలేదు, ఎవరికీ సీటు ఇప్పించలేదు. అక్కడివాళ్లు మీకు "చెప్పను" అనగలరు. కాదనే స్వేచ్ఛ లేనివాళ్ల దగ్గర తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. మీ పాత ఇళ్లలో ఏ అవ్వ కాదంటుంది? "నువ్వు అడిగితే ఇవ్వకపోవడమా తల్లీ" అంటుంది. చిక్కంతా ఆ మంచితనంలోనే ఉంది.

ఈ మంచితనమే ప్రశ్నావళిని కూడా ముంచుతుంది. మన దగ్గర "వలసల ప్రభావం: ఒక అధ్యయనం" అని పేరు పెట్టి, 300 మందికి కాగితాలు పంచి, "పూర్తిగా ఏకీభవిస్తాను" నుంచి "అసలు ఏకీభవించను" వరకు 5 గళ్లలో టిక్కు పెట్టించే ఆచారం ఒకటి స్థిరపడింది. అవ్వ ముందు ఆ కాగితం పెట్టి చూడండి. కాసేపు మీ ముఖం చూసి, "నీకేది బాగుంటుందో అది రాసుకో" అంటుంది. మర్యాదస్తుల ఊళ్లో అంకెలు కూడా మర్యాదగానే వస్తాయి. లెక్కలు వద్దని కాదు. ఎన్ని ఇళ్లలో ఇలా ఉందో తెలియాలంటే లెక్కే కావాలి. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే మాత్రం తక్కువ ఇళ్లకు ఎక్కువసార్లు వెళ్లాలి. 15 కుటుంబాలు చాలు. ఒక్కొక్క ఇంటికి సంక్రాంతికి ముందొకసారి, తర్వాత ఒకసారి, బడి తెరిచే జూన్‌లో ఒకసారి వెళ్లండి. తల్లిదండ్రులు పండగకు వచ్చి వెళ్లాక ఆ ఇంట్లో మూడు రోజులు ఎలా ఉంటుందో ఏ ప్రశ్నావళి చెబుతుంది?

డబ్బు ఎవరి ఫోనులోకి వస్తోందో చూడండి. అవ్వకు బటన్ ఫోను, మనవడికి తెర ఫోను. బెంగళూరు నుంచి నాన్న వేసే డబ్బు మనవడి ఫోనుకు వస్తుంది. సరుకులు తెచ్చేది అతడు, అవ్వ మందులు కొనేది అతడు. 15 ఏళ్లకే ఇంటి యజమాని అయినవాడిని "బడికి పో" అని అవ్వ ఏ అధికారంతో అంటుంది? తండ్రి లేక చెడిపోయాడని తీర్పు చెప్పే ముందు, ఇంటి బరువు మోస్తున్నాడేమో చూడండి. అదే ఇంట్లో ఆడపిల్ల ఉంటే కథ వేరు. ఆమెకు ఫోను ఉండదు, అవ్వకు భయం ఉంటుంది. ఆ భయానికి అవ్వకు తెలిసిన మందు పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. వలస ఇళ్లలో ఆ నిర్ణయం ఎవరిది? అవ్వదా, ఫోనులో ఉన్న తల్లిదా, మేనమామదా? నేను మీ గైడునైతే ఈ ఒక్క ప్రశ్న మీదే థీసిస్ రాయమంటాను.

పిల్లలతో మాట్లాడేటప్పుడు రెండు సంగతులు మరవకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దల అనుమతితో పాటు, 7 ఏళ్లు దాటిన పిల్లల సొంత అంగీకారం కూడా కావాలి. అవ్వ సరేనన్నా, మనవరాలు తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆగిపోవాలి. రెండోది ఇంకా బరువైనది. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ఏ పిల్లకూ మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పరిశోధకురాలినని మినహాయింపు లేదు. కాబట్టి మొదటి రోజే, మాట మొదలుపెట్టకముందే, "నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం నేను ఊరుకోలేను, సాయం పిలుస్తాను" అని చెప్పి ఉంచాలి. పిల్లల సహాయవాణి 1098 సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పీహెచ్‌డీ కోర్సులో నైతికత గురించి 2 క్రెడిట్ల పేపరు ఒకటి చదివిస్తారు. అందులో ఎక్కువ భాగం కాపీ కొట్టడం గురించి, నకిలీ పత్రికల గురించి ఉంటుంది. చదవండి, మంచిదే. ఏడుస్తున్న పిల్ల ముందు నోటుపుస్తకం ఎప్పుడు మూయాలో మాత్రం 8 ఏళ్ల ఊరి పనే మీకు నేర్పి ఉంటుంది.

ప్రశ్నను మీరొక్కరే నిర్ణయించకండి, ఆ ఇళ్లవాళ్లనూ నిర్ణయించనివ్వండి. మీకు దూబగుంట దగ్గరే కదా. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత తరగతులు పెట్టినప్పుడు సంతకం నేర్పడమే పెద్ద లక్ష్యమనుకున్నారు. వాచకంలో సారా కొంపలు ముంచిన పాఠం చదివిన ఆడవాళ్లు అక్కడ తమ ఇంటిని చూసుకున్నారు. కూలి డబ్బు గుడిసె దాకా రాకుండా సారా కొట్టులో ఎందుకు దిగిపోతోందని అడిగారు. రోసమ్మ, ఆమె తోటివాళ్లు దుకాణం మూయించారు, పక్క ఊళ్లు అందుకున్నాయి, సారా వేలం పాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కుటుంబం మీద ఇంత పదునైన పరిశోధన మా విభాగాల్లో ఎవరూ చేయలేదు. ప్రశ్న వాళ్లది కనుకే జవాబూ వాళ్లకు దొరికింది. ఆ తర్వాత రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. ఆ తర్వాతే మేమందరం పెన్నులు పట్టుకుని వెళ్లాం.

ఇక ఉద్యోగం సంగతి. ఇప్పుడే మానకండి. ముందు నెట్ రాయండి. సోషల్ వర్క్ అందులో విడి సబ్జెక్టే. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, అన్నిటికీ కలిపి 3 గంటలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. ఏడాదికి రెండు విడతలు. నెట్ ద్వారా పరిశోధకులకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30, స్త్రీలకు మరో 5 ఏళ్ల సడలింపు. అంటే 33 ఏళ్ల మీకు తలుపు ఇంకా తెరిచే ఉంది గానీ చాలాకాలం ఉండదు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. అది తీసుకుంటూ ఉద్యోగం చేయకూడదు కనుక ఆ రోజు నిశ్చింతగా రాజీనామా ఇవ్వండి. ఇంట్లో ఎవరూ నోరు మెదపరు. రాకపోతే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ దారి ఉంది. మీ సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. గడువు మామూలుగా 6 ఏళ్లు, స్త్రీలకు మరో రెండేళ్లు సడలింపు ఉంది.

2023 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్ గానీ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ గానీ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి కేవలం ఉద్యోగం కోసమే అయితే ఇంత తంటా అక్కర్లేదు. శాశ్వత పోస్టుల ప్రకటన కోసం జుట్టు నెరిసేదాకా ఎదురుచూసిన శిష్యులు నాకున్నారు. రొట్టెల పండగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, ఉద్యోగం రావాలని కోరుకుంటూ ఉద్యోగ రొట్టె పట్టిన అమ్మాయి ఒకతె, మరుసటి ఏడు "రొట్టె వచ్చింది మేడం, నోటిఫికేషనే రాలేదు" అంది. నవ్వాం ఇద్దరం.

కళాశాలవారి పిలుపుకు మాత్రం సరేననండి. వారానికి 2 రోజులే కదా, సంస్థవారితో మాట్లాడి సర్దుకోండి. మన దేశంలో ఈ చదువు పుట్టిందే వీధిలోంచి. 1936లో బొంబాయిలో మొదటి సోషల్ వర్క్ కళాశాలను నడిపిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్, అంతకుముందు నాగ్‌పాడా బస్తీలో సేవా కేంద్రం నడిపిన మనిషి. ఊరి దుమ్ము కాళ్లకు ఉన్నవాళ్లు తరగతిలోకి రావాలి. మీకు అందులో దక్కే లాభం వేరే ఉంది. విద్యార్థుల ఫీల్డ్‌వర్క్ డైరీలు దిద్దుతారు. ప్రతి డైరీలో "గృహ సందర్శన చేశాను, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాను" అని ఉంటుంది. నేను నా తరగతిలో ఆ మాటను నిషేధించాను. ఏ ఇంటికి వెళ్లావు, ఎక్కడ కూర్చోబెట్టారు, మంచం వాల్చారా, గడపలోనే నిలబెట్టారా, నువ్వు మాట్లాడుతుంటే ఎవరు లేచిపోయారు, అవి రాయి అనేదాన్ని. మొదట్లో విసుక్కునేవారు. రెండో సెమిస్టరుకు డైరీలు చదవబుద్ధయ్యేవి. వాళ్ల డైరీలు దిద్దుతూ దిద్దుతూ మీ నోటుపుస్తకాల్లో మీరు ఎక్కడెక్కడ "అవగాహన కల్పించారో" మీకే కనబడుతుంది.

మీ అత్తగారి మాటను మీరు అడ్డంకుల లెక్కలో వేశారు. నాకు అలా అనిపించలేదు. "నీ కొడుకును నేను చూసుకోవాలి" అన్నది దెప్పిపొడుపే కావచ్చు. కానీ ఇంకోసారి చదవండి. తల్లి పని మీద ఊళ్లు తిరుగుతుంది. పిల్లవాడు అవ్వ దగ్గర పెరుగుతాడు. బెంగళూరుకూ మీ ఊరికీ దూరంలో తేడా ఉందేమో, సాయంత్రం ఆరింటికి బాబుకు అన్నం పెట్టేవాళ్లకు అంత తేడా ఉండదు. 8 ఏళ్లుగా మీరు ఎందరు అవ్వలతో మాట్లాడారో గానీ, ఇంట్లో అవ్వతో మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ వయసులో మళ్లీ ఒక పసివాడిని సాకడం ఎలా ఉంది? మోకాళ్లు ఎలా ఉన్నాయి? తన చెల్లెలి ఊరికి వెళ్లి ఎన్నాళ్లయింది? వాడు జ్వరంతో పడుకున్న రోజు మీకు ఫోను చేయాలా వద్దా అని ఎంతసేపు ఆలోచించింది?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇవి అడగండి. థీసిస్ కోసమని కాదు, అందులో ఒక్క ముక్క కూడా థీసిస్‌లోకి రాకూడదు. అవ్వలను ప్రశ్నలు అడగడం ఎలా ఉంటుందో, అడిగేది కోడలైతే ఇంకెలా ఉంటుందో మీకు తెలియడానికి. చెబితే వినండి. నడుమ సర్దిచెప్పకండి. "నా మోకాళ్ల గొడవ నీకెందుకులే" అంటే ఆ రోజుకు వదిలేసి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయండి.